రద్దయిన కాగితాల నక్షత్రం

పవర్ హౌస్ వెనుక వీధి, భిలాయి,
20 డిసెంబరు 2002.

చిరంజీవి ఏంజెలాను ప్రభువు తన రెక్కల చాటున కాచుగాక. నీ తండ్రి ప్రేమతో దీవించి వ్రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా నేనూ కుశలమే. విశాఖలో నీవూ, నీ గదిలో ఉండే మెర్లినూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం సోమవారం చేరింది. కవరు మీద నీవు ఇంకా మధ్యప్రదేశ్ అనే వ్రాస్తున్నావు. పోస్ట్‌మ్యాన్ వర్మగారు దాన్ని నా చేతికిస్తూ, "బిటియా అభీ భీ ఎం.పీ. మే హై" అని నవ్వారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు దాటినా చేతికి పాత పేరే అలవాటు. అందుకు నిన్ను తప్పుపట్టను. చేయి ఎప్పుడూ మనసుకంటె ఆలస్యంగా నేర్చుకుంటుంది.

నీకు తెలుగు చదవడం హిందీ చదివినంత సులువు కాదని తెలుసు కనుక, నక్షా మీద పేర్లు వ్రాసినట్టే అక్షరాలు విడివిడిగా పెడుతున్నాను. మీ అమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏటండీ, ఆ పిల్లకి ఈ గ్రాంథికం అర్థమవుతాదేటి? మాటాడినట్టు రాస్తే మీ సిరా అయిపోతాదా?" అంటున్నది. నాకు మాట్లాడినట్టు వ్రాయడం చేతకాదు. వ్రాసినట్టు మాట్లాడతానని ఆమె ఫిర్యాదు ఎలాగూ ఉన్నదే.

ఇక నీవు అడిగినవి. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మందు వలన కాదట, ఆదివారాలు మెట్లెక్కి పాటల బృందంలో నిలబడడం వలనట. నీవు పంపిన శాలువా ఆమె కప్పుకోలేదు, పండుగకని దాచింది. మంచు సంగతి అడిగావు. తెల్లవారిన తరువాత కూడా స్టేషను మేలుకోవడం లేదు. కూత వినిపిస్తుంది, రైలు కనిపించదు. సాయంత్రం బొగ్గు కుంపట్ల పొగ మంచుతో కలిసి వీధిలో మోకాళ్ల ఎత్తున నిలుస్తుంది. దాని మీద మనుషులు అడుగులు వేయకుండా తేలిపోతున్నట్టు ఉంటారు. అంతలో ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడుతుంది. ఆ కొద్దిసేపూ గోడలూ, తీగెల మీది చీరలూ, ఎదురింటి మేక కూడా లోపల దీపం పెట్టినట్టు వెలిగి, మళ్లీ ఆరిపోతాయి. చిన్నప్పుడు నీవు దాన్ని ఆకాశం బుగ్గలు అనేదానివి. నేను ఇప్పటికీ అలాగే అనుకుంటాను, పైకి అనను.

"అంకుల్ పని ట్రేసర్ అంటే ఏమిటి" అని మెర్లిన్ అడిగిందట. ఆమెకు ఇలా చెప్పు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షా మీద, అవతలి వెలుతురు కనబడే పలుచని కాగితం పరిచి, ఆ గీతలన్నిటినీ సిరాతో ఎత్తి గీస్తాము. ఆ కాగితం నుంచే నకళ్లు తీసి పనివారికి ఇస్తారు. గీత తప్పితే చెరిపే రబ్బరు పనికిరాదు. బ్లేడు అంచుతో సిరాను మెల్లగా గోకి, గోకినచోట గోటితో రుద్ది నునుపు చేసి, మళ్లీ గీయాలి. బల్ల మీద చూస్తే ఆ తప్పు ఎవరికీ కనబడదు. కాగితం మాత్రం అక్కడ కాస్త పలచబడుతుంది.

క్రిస్మస్‌కు మన నక్షత్రం కట్టామా అని అడిగావు. కట్టాము. ప్రతి ఏడూ ఆఫీసులో రద్దు ముద్ర పడిన కాగితాలు ఏవో కొన్ని అడిగి తెచ్చి, వెదురు బద్దల మీద అతికించేవాణ్ణి కదా. ఈసారి నక్షత్రం చాలా పెద్దది. గుమ్మంలో పట్టక మేడ మీది కమ్మీకి కట్టవలసివచ్చింది. మీ అమ్మ మైదా జిగురు కాచి కాచి, ఈ గిన్నె ఇక అన్నానికి పనికిరాదని తేల్చింది. ఎందుకంత పెద్దదయిందో కాసేపట్లో చెబుతాను.

నీ చివరి ప్రశ్ననూ చివరికే ఉంచాను. పాడేరు పై కొండల్లోని మిషన్ ఆసుపత్రిలో నర్సు పనికి వెళ్లాలని నీ కోరిక. అక్కడ గదీ భోజనమూ తప్ప జీతమని చెప్పుకోదగ్గది ఉండదు. కొత్త సంవత్సరంలోపల వారికి మాట ఇవ్వాలి. నేను అవునంటేనే వెళతానన్నావు. "నాన్న ఉద్యోగం ఉంది కదా అనే ధైర్యంతో అడుగుతున్నాను" అని కూడా వ్రాశావు. ఆ ఒక్క వాక్యాన్ని చాలాసార్లు చదివాను.

తల్లీ, ఆ వాక్యాన్ని నేను సరిదిద్దాలి. ఈ నెలాఖరు తరువాత నాన్నకు ఉద్యోగం లేదు.

మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన సంగతి నీకు తెలుసు. గీతలు గీసే యంత్రం కూడా వచ్చింది. అది మంచి యంత్రమే, అబద్ధం చెప్పను. దాని గీతను భూతద్దంలో చూశాను, వంక పెట్టడానికి ఏమీ లేదు. నవంబరులో యజమాని నన్నూ, మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ శంకరరావు బాబాయినీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, డిసెంబరు తరువాత మా ఇద్దరికీ పని లేదని చెప్పారు. ఆయన మీద నాకు కోపం లేదు. బాబాయి ఆ యంత్రం నేర్చుకోవాలని కొన్నాళ్లు కూర్చున్నాడు కూడా. "శామన్నా, ఆ మౌసు నా సేతిలో ఉంటే గీత సెక్టర్ నాలుగులో బయల్దేరి ఊరి ఆ సివర రుఆబాంధాలో తేలతాంది. ఇది మనకి కుదిరే బేరం కాదు" అని లేచిపోయాడు.

మీ అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆమె బియ్యం ఏరుతున్నది. ఏరడం ఆపలేదు. "అమ్మాయికి రాయకండి" అన్నది, అంతే. నీ ఉత్తరం వచ్చాక మళ్లీ అదే మాట. "రాస్తే అది ఆ కొండలకి ఎల్లదు. మనకోసమని విశాఖ పెద్దాసుపత్రిలోనే ఉండిపోతాది. ముందు అవునని రాసీండి, ఎల్లినాక సెప్పుకుందాం" అన్నది. "ఇది చెప్పకుండా అవునని వ్రాస్తే, నా అవును అబద్ధమవుతుంది డోర్కాస్" అన్నాను. "మీ గీతలకి పనికొచ్చినట్టు పిల్లలకి స్కేలు పనికిరాదండీ" అన్నది. ఇద్దరిలో ఎవరిది సరియో నాకు తేలలేదు. ప్రార్థనలో అడిగాను. జవాబు వచ్చినట్టు అనిపించలేదు. అలా ఈ ఉత్తరం ఆగిపోయింది.

ఈ వారమే పాత నక్షాలన్నిటినీ చిత్తు కాగితాల కింద తూకానికి, రద్దీకి, ఇచ్చివేయాలని నిర్ణయమైంది. కావలసినవి తీసుకోమని యజమాని మాతో అన్నారు. పవర్ హౌస్ బజారు నుంచి రద్దీవాలా తక్కెడతో వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. శంకరరావు బాబాయి మాత్రం చుట్టలు ఒక్కొక్కటే విప్పి, ప్రతి కాగితం మీదా రద్దు ముద్ర వేస్తున్నాడు. "తూకానికి పోయేవాటికి ముద్ర దేనికి శంకరరావూ?" అని అడిగాను. "పద్ధతి పద్ధతే. రేపు ఎవడైనా దీన్ని సూసి ఏదైనా కట్టీగలడు. మన సెయ్యి దాటేముందు సెప్పాలి కదా, ఇది సెల్లదని" అన్నాడు. రద్దీవాలా బీడీ వెలిగించుకుని, "జల్దీ కీజియే బాబూజీ, కాగజ్ కో క్యా పతా" అని తొందరపెట్టాడు. కాగితానికి ఏమి తెలుసునట. ముద్రల చప్పుడు ఆగలేదు.

మేము గీసిన పొగగొట్టాలూ, క్రేనులూ, ఇనుప మెట్లూ అన్నీ మా ఎదుట మరోసారి విప్పారి చుట్టుకుపోయాయి. వాటిలో కొన్ని ఇప్పుడు నిజంగా నిలబడి ఉన్నాయి, మనుషులు వాటి మీద ఎక్కి దిగుతున్నారు. కలలో తిరిగిన ఊరును పగలు బస్సులోంచి చూసినట్టు అనిపించింది. చివరి కాగితం అయ్యాక బాబాయి ముద్రను ఒకసారి ఊది, తన అరచేతి మీద కూడా కొట్టుకున్నాడు. "ఇదీ అయిపోనాది" అన్నాడు. ఇద్దరమూ నవ్వాము. నవ్వు ఆగిన తరువాత ఆయన ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. సిరా గుడ్డను తడిపి, అక్షరాలు పోయేదాకా ఆ అరచేతిని తుడిచాను. దాన్ని రద్దు చేసే అధికారం మా ఇద్దరికీ లేదని చెప్పాను. ఆయన మన ప్రార్థనలకు వచ్చేవాడు కాదు. అయినా "ఆమెన్ అనాలా?" అని అడిగి, తనే అనేశాడు.

తెచ్చుకున్న చుట్ట పెద్దది. నక్షత్రం అందుకే పెద్దదయింది.

నిన్న సాయంత్రం మన సంఘం వారు కారల్స్‌కు వచ్చారు. మంచులో ముందు డోలకు వినిపించింది, తరువాత లాంతర్లు, ఆ తరువాతే మనుషులు. మన ఆనవాయితీ నీకు గుర్తుందిగా, పాట అయ్యాక ఇంటి పెద్ద నక్షత్రం కింద నిలబడి ఆ ఏటి సాక్ష్యం ఒక్క మాటలో చెప్పాలి. నా మాట ఏటేటా ఒకటే: "ఈ ఏడు కూడా ప్రభువు నా చేయి వణకకుండా కాచాడు." పిల్లలు నాకంటె ముందే దాన్ని అనేసి నవ్వుతుంటారు. మీ అమ్మ నా పక్కకు వచ్చి, "ఆ మాటే సెప్పి ఊరుకోండి. అదీ నిజమే కదా" అని గొణిగింది.

అది నిజమే. చెప్పడానికి లేచాను. ఎవరో మేడ మీద నక్షత్రంలోని బల్బు వెలిగించారు. తలెత్తి చూశాను. నేను ఎప్పుడూ నక్షత్రాన్ని కట్టేవాణ్ణే గాని, దాని కింద నిలబడి తేరిపార చూసినవాణ్ణి కాను. మంచులో పొగగొట్టాలూ, మెట్లూ, కొలిమి గోడలూ ఏ నేలా లేకుండా తేలుతున్నాయి. వాటి నడుమ అక్కడక్కడ, మిగతా కాగితంకంటె తెల్లగా, చిన్న చిన్న చుక్కలు వెలుగుతున్నాయి. అవి ఏమిటో గుర్తించడానికి కొంతసేపు పట్టింది. బ్లేడుతో గోకిన చోట్లు.

"ఈ నెలాఖరుతో నాకు పని ఉండదు. చేయి మాత్రం వణకడం లేదు. అందుకు స్తోత్రం" అన్నాను.

డోలకు మీద ఎవరి వేలో తగిలి చిన్న శబ్దమైంది. డోలకు వాయించే శౌరి, "అయితే శామన్నా, ఈసారి కేకు ముక్క సగమేనా?" అన్నాడు. వెనుకనుంచి అచ్చమ్మ పెద్దమ్మ, "నీ మొకానికి ఎప్పుడో సగమే ఇయ్యాల్సిందిరా. ఆ డోలకు మోత ఇని నిరుడు మా కోడి గుడ్డు మానీసింది" అన్నది. అందరూ నవ్వారు. మీ అమ్మ లోపలికి వెళ్లి, పండుగ రోజుకని దాచిన కేకు మొత్తం తెచ్చి కోసింది. కళ్లు తుడుచుకున్నదో, పొగ పడిందో నేను అడగలేదు.

వెళ్లేటప్పుడు శౌరి వెనుకబడ్డాడు. డోలకు పట్టీ సవరించుకుంటూ, "నాకూ జనవరి నుంచి ప్లాంటు గేటు పాసు లేదన్నా. కాంట్రాక్టరు సెప్పీసినాడు. ఇంటికాడ ఇంకా సెప్పలేదు. పండగైనాక సెబుదామని" అన్నాడు. డోలకు భుజానికి ఎత్తుకుని, "ఇయాలే సెప్పీస్తాను" అని మంచులోకి వెళ్లిపోయాడు. తరువాత చాలాసేపటిదాకా డోలకు వినిపించలేదు. వీధి మలుపు దాటాక మళ్లీ మొదలయింది.

మీ అమ్మ గిన్నెలు కడుగుతూ అన్నది: "ఇంక రాసీండి. శౌరి నోట్లో మాట నిలవదు, ఆడి సెల్లి విశాఖలోనే ఉంది. అది ఫోను సేసీలోగా మన పిల్లకి మన సేతి రాతే అందాల." ఆమె మాట మార్చుకోవడానికి కారణం అది కాదని నాకు తెలుసు. శౌరి చెప్పినది ఆమె తలుపు చాటునుంచి విన్నది.

కనుక ఏంజెలా, ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. అవును. వెళ్లు.

నా ఉద్యోగం నీ ధైర్యానికి ఆధారమని నీవు అనుకున్నావు. అది పోయింది. నా అవును మాత్రం ఆ ఉద్యోగంలోనుంచి వచ్చినది కాదు గనుక దానితో పోలేదు. అయినా నిర్ణయం నీదే. ఇది చదివాక విశాఖలోనే ఉండాలని నీకు తోస్తే అది కూడా మాకు సంతోషమే. తెలియక వెళ్లడమూ, తెలియక ఉండిపోవడమూ, ఈ రెండే నాకు ఇష్టం లేదు. మా సంగతి దాచకుండా చెబుతాను. జనవరిలో చిన్న ఇంటికి మారతాము. శంకరరావు బాబాయికి తెలిసిన ఒక వెల్డింగు షెడ్డులో, పనివారికి నక్షాలు చదివి వివరించే మనిషి కావాలట, అడిగి చూస్తాము. దొరుకుతుందని మాట ఇవ్వలేను. భయం లేదని కూడా అనను. కొన్ని ఉదయాలు లేచిన వెంటనే చేయి స్కేలు కోసం వెతుకుతుంది, అప్పుడు కాసేపు కష్టంగా ఉంటుంది.

ప్రభువు పుట్టినప్పుడు నక్షత్రం చూసి వచ్చిన జ్ఞానుల కథను ఈసారి నెమ్మదిగా చదివాను. దారి పొడుగునా వారికి నక్షత్రం కనిపించిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అలా లేదు. యెరూషలేములో ఆయన ఎక్కడ పుట్టాడని వారు అడగవలసివచ్చింది, మళ్లీ బయలుదేరాకనే అది వారికి కనబడి గొప్పగా సంతోషించారు. మధ్యలో కొంత దూరం వారు కూడా మనలాగే దారి అడుగుతూ నడిచినవారే. నాకు అది చాలింది.

ఈ కవరులో ఒక చిన్న నక్షత్రం ఉంది, మడత జాగ్రత్తగా విప్పు. రద్దీ చుట్టల్లో దొరికిన ఒక కాగితం నుంచి కోశాను. బడి సెలవుల్లో నీవు ఆఫీసుకు వచ్చి, నా మోచేయి కుదిపి, నేను గీస్తున్న ఒక కొలిమి గోడ మీద సిరా మరక చేయించిన కాగితం అది. నేను గోకుతున్నంతసేపూ బల్ల అంచుకు గడ్డం ఆనించి చూసి, "పోయిందా నాన్నా?" అని అడిగావు. పోయిందన్నాను. ఆ మరక చోటు సరిగ్గా నక్షత్రం నడుమకు వచ్చేటట్టు కొలిచి కోశాను. పగలు చూస్తే ఏమీ కనబడదు, మామూలు కాగితమే.

కొండ మీద కరెంటు సరిగా ఉండదన్నావు. లాంతరు చాలు. నీ గది కిటికీకి దీన్ని అతికించి, వెనుక దీపం పెట్టు.

మీ అమ్మ ముద్దులు పంపుతున్నది. శాలువా పండుగనాడు తప్పక కప్పుకుంటానని వ్రాయమన్నది.

ఇట్లు,
చేయి వణకని,
నీ నాన్న
శామ్.