నీ కుండీ మీద తొలి మంచు

సుభద్రా,

నువ్వు పోయాక ఇదే మొదటి చలికాలం. ప్లెయిన్స్‌బరోలో ఇంకా ఆకులైనా పూర్తిగా రాలలేదు, రాత్రి మంచు పడింది. టీవీవాళ్ళు ఉత్త వానే అన్నారు. నేను కాదన్నాను. గాలి ఈశాన్యానికి తిరిగింది, ఉడతలు కంగారుపడుతున్నాయి, పైగా నా మోకాలు... మోకాలి సంగతి ఎత్తితే ఈ కాగితం చాలదులే.

నిన్న సాయంత్రమే మనవాళ్ళందరికీ ఫోన్లు చేసి, "రాత్రికి మంచు ఖాయం, కరివేపాకు కుండీలు లోపల పెట్టుకోండి" అని చెప్పాను. అడగకపోయినా ఒక్కొక్కరికీ గాలుల పుట్టుపూర్వోత్తరాలు కూడా వినిపించాను.

పొద్దున్నే పై వాటా శ్రావణి నాలుగు కరివేపాకు రెబ్బలు పట్టుకొచ్చింది.

"అంకుల్, మీరు సూపర్! మీరు కాల్ చేయకపోతే ఆంటీ ఇచ్చిన మొక్క పోయేది."

నేను బాల్కనీ తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నా వెనకాల మంచు కింద నీ చెట్టు నల్లబడి వేలాడుతోంది. ఏటా ఆ కుండీని లోపలికి తెచ్చింది నువ్వే. నాకు చెప్పడం అలవాటు, మొయ్యడం కాదు. "ఊరందరికీ వాన చెప్తారు, మన గొడుగు మర్చిపోతారు" అని దెప్పేదానివి. ఇవాళ ఆ మాట నాకు నేనే అనుకోవలసి వచ్చింది.

"వేసవిలో మీ మొక్కకి పిలక వస్తే నాకొకటి ఉంచమ్మా."

"మీకెందుకంకుల్? మీది పెద్ద చెట్టు కదా!"

"ఒకావిడకి తిరిగి ఇవ్వాలమ్మా," అన్నాను, తలుపు దగ్గర్నుంచి కదలకుండా.