చిటికెన వేలు

కింగ్‌స్టన్, జమైకా
18 నవంబర్ 2015

చెల్లె భాగ్యశ్రీకి,

కథలాపూర్ వీరేందర్ అన్న దీవించి రాయునది. ఇద్దరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి నేనూ మీ ఆయన చందూ ఇద్దరం ప్రాణాలతో ఉన్నాం అని రాస్తున్నాను. సిరిసిల్లలో మీ అత్తమామలు, కోరుట్లలో మీ అమ్మానాన్నలు బాగుండాలని కోరుతున్నాను.

నన్ను నువ్వు చూడలేదు, ఫోన్లో అన్నా అని పిలిచావు. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఫోన్లోనే చెప్పొచ్చు కానీ, మీ అత్తమ్మ స్పీకర్ పెట్టి వాడకట్టంతటికీ వినిపిస్తుంది. చందు వచ్చే బుధవారం బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని కంటే ముందే నీ చేతికి అందాలని కొరియర్‌లో పంపుతున్నాను.

కొట్లో మెట్ల మీద జారి చేయి విరిగిందని చందు నీతో అన్నాడు. మాతో పనిచేసే మెట్‌పల్లి మొగిలయ్య మాత్రం, గాళ్ళిద్దరు మొగడు పెండ్లాల లెక్క ఉంటరు, గందుకే జనం కొట్టిండ్రు అని ఇంటికి ఫోన్ చేశాడు. ఆ మాట కోరుట్ల దాకా వచ్చిందని, మీ నాన్న నిన్ను తీసుకుపోతానంటున్నాడని, చందు దిగగానే పంచాయితీ పెడతారని విన్నాను. మెట్లు అబద్ధం. మొగిలయ్య మాట కూడా నిజం కాదు. జరిగింది ఇది.

సాంచాలు ఆగిపోయి, నేతపని లేక చందు ఇంత దూరం వచ్చాడు. సేటు బట్టల కొట్లో ఇద్దరం మూటలు మోస్తాం. ఐవీ అనే పెద్దావిడ ఇంట్లో ఒకే గదిలో ఉంటాం. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం మార్కెట్ నుంచి నడిచి వస్తుంటే, నీ సంగతులు చెబుతూ చెబుతూ చందు నా చిటికెన వేలికి తన చిటికెన వేలు తగిలించాడు. మెట్‌పల్లి బజార్లో మగవాళ్ళు ఇట్లా కాక ఎట్లా నడుస్తారు చెప్పు. మన దగ్గర వేరే రకం మనుషులు ఉంటారనే అనుకోరు కాబట్టి ఎవరూ చూడరు. అట్లాంటివాళ్ళను అనడానికి మనకున్నది ఒక తిట్టు, ఒక నవ్వు, అంతే. ఇక్కడ మగవాడు మగవాడి చేయి పడితే ఒక్కటే అర్థం. దానికి చట్టంలో జైలు ఉంది, మన దేశంలోనూ ఉందట. ఇక్కడ బస్సుల్లో పెట్టే పాటల్లో అట్లాంటివాళ్ళను కాల్చమనే తుపాకీ కూడా ఉంది.

ముందు ఒక ఈల వినబడింది. తర్వాత సోడా కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. గీళ్ళేందన్నా గట్ల చూస్తుండ్రు అని చందు నవ్వుతూ అడిగాడు. నేను అడుగులు తొందరగా వేశాను.

ఐవీ మంచి మనిషి. నాకు జ్వరమొస్తే గంజి కాచి తాగించింది. ఆమే మా పళ్ళాలు వేరుపెట్టింది. మీ కోసం ప్రార్థన చేస్తాను కానీ గది ఖాళీ చేయండి అంది, అంటూ ఏడ్చింది. క్షౌరం చేసేవాడు మమ్మల్ని చూసి ఖాళీ కుర్చీ మీద గుడ్డ కప్పాడు. మా తలుపు మీద ఎవరో బొగ్గుతో రెండు చేతులు గీసి అడ్డంగా కొట్టేశారు. దాన్ని తుడుస్తూ, మనమేం జేసినమన్నా అని చందు అడిగాడు.

చివరికి ఒక శనివారం ఇంటి ముందే నలుగురు అడ్డం వచ్చారు. ఏ చెయ్యి అని అడిగారు. చందుకు వాళ్ళ భాష రాదు కదా, చేయి కలపడానికి వచ్చారనుకున్నాడు. నవ్వుతూ కుడి చేయి చాపాడు. ఐవీ అరుస్తూ వచ్చి చందు మీద పడి అడ్డుకోకపోతే చేతితో ఆగేది కాదు.

చెల్లె, చందు నీవాడు. మమ్మల్ని చూసి జనం పొరపాటు పడ్డారు, పంచాయితీలో ఇదే చెప్పు. మీ నాన్న వెంట పోవద్దు. చందు దిగిన రోజు నువ్వే ఎదురుపోతే సగం నోళ్ళు మూతపడతాయి. ఎముక అతుకుతుందట, చిటికెన వేలు మాత్రం ఇక వంగదట. దారం ముడెయ్యనీకి గా వేలుతోని పనేంది అని నన్నే దబాయిస్తున్నాడు.

కథలాపూర్‌లో మా అమ్మ పోచవ్వకు కబురు పెట్టు. వీరేందర్ వచ్చే ఎండాకాలం వస్తాడని చెప్పు.

మీ ఇల్లు నిలవాలని కోరే అన్న,
వీరేందర్

తా.క.: అంటించిన కవరు మళ్ళీ చింపాను. ఏదో ఉండబట్టే కొట్టారని పంచాయితీలో అంటారు. నీ దగ్గర జవాబు ఉండదు. అందుకే రాస్తున్నాను. జనం పొరపాటు పడ్డది ఒక్కరి విషయంలోనే. చందు పట్టుకున్నది నడకలో తోడున్న మనిషి వేలు. నా సంగతి వేరు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఇంతే. అది చందుకు ఇప్పటికీ తెలియదు. ఈ కాగితం అందరి ముందు చదివించు, కథలాపూర్‌కు తెలుస్తుందని వెనకాడకు. పైన మా అమ్మకు చెప్పమన్న మాట మాత్రం చెప్పకు.