మూడవ మెట్టు దగ్గర ఆగినవాడు

డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, స్వహస్తంతో రాసుకుంటున్న నా చివరి వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని వైద్యుడు ధ్రువపరిచాడు. గుండెకు మాత్రం నెల మించి పూచీ పడనన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు భాషా పండితుడిగా, ముప్ఫై ఒక్క ఏళ్లు మా చర్చికి సంఘపెద్దగా ఉన్నాను. తొణకను గనుక జనం నన్ను నిండుకుండ అన్నారు. ఒట్టి కుండ కూడా తొణకదని ఎవరికీ తోచలేదు.

1. ఇల్లు, ఇంటిలోని సామాను సర్వహక్కులతో నా కుమార్తెకు చెందాలి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. ఆమె ఆసుపత్రిలో పగలంతా పరాయివాళ్ల పుండ్లు కడిగి వచ్చి నా కాళ్లకు మందు రాస్తుంది. ప్రార్థన కూటాలకు రావడం లేదని ఆమెను నలుగురిలో నిలదీశాను. "డ్యూటీ ఉంది నాన్నా" అని ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

2. ప్రసంగాలు చేసుకుని బతుకుతున్న నా కుమారుడికి నా వినికిడి యంత్రం. ఉపవాసం గురించి రెండు గంటలు మాట్లాడి వచ్చి, అన్నం చల్లారిందని భార్యను కసరడం ఆ యంత్రం పుణ్యమా అని స్పష్టంగా విన్నాను. నోరు నా నుంచి ముందే పుచ్చుకున్నాడు, చెవి ఇప్పుడు ఇస్తున్నాను. నా సమాధి దగ్గర అతడు ఐదు నిమిషాలు మించి మాట్లాడకుండా కుమార్తె చూసుకోవాలి.

3. నా కావ్యాలు, ఛందోగ్రంథాలు నేను పనిచేసిన పాఠశాలకు. వాటి మధ్య ఉన్న నా సీసపద్యం వ్రాతప్రతిని మాత్రం కాల్చివేయాలి. కారణం చెప్పడం నా విధి. మా సంఘంలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే చోటికి, కొత్తవారిని చేర్చేముందు సంఘపెద్ద పరీక్షిస్తాడు, అతడు ఒప్పుదల చీటీ రాస్తేనే బల్ల. ఆ పరీక్ష కోసం, ఆత్మీయ పరిపక్వతకు ఏడు మెట్లని చెప్పి ఆ పద్యం కట్టాను. తగ్గింపు, అంటే అణకువ, మొదటిది; పశ్చాత్తాపం రెండవది, ఓర్పు మూడవది. వరుస చెడకుండా, యతి తప్పకుండా ఏడూ అప్పజెప్పినవాడే పక్వమైనవాడు. ఒక మధ్యాహ్నం కునుకు పట్టక కట్టిన పద్యంతో ఇన్నేళ్లూ ఆత్మలను తూచాను.

4. మా నాన్న ఉలి నా తమ్ముడికి. మా నాన్నలాగే తమ్ముడూ వడ్రంగి. పెద్దకొడుకుననే హక్కుతో ఉలి నేను తీసుకుని నలభై ఏళ్లు దానితో ఉత్తరాలు చించాను. పదును పోయింది, అతడు మళ్లీ పెట్టుకోగలడు.

ప్రభువు బల్లను చేసింది ఈ తమ్ముడే. నాలుగుసార్లు పరీక్షకు నిలబడ్డాడు. "అన్నయ్యా, ఓర్పు దాకా వస్తున్నా. ఆ పైన ఒక్క ముక్కా గుర్తుండట్లేదు" అన్నాడు. సంఘం నవ్వింది, నేనూ నవ్వాను. కాయ ఇంకా పండలేదని తీర్పు చెప్పాను. పందొమ్మిదేళ్లుగా, తాను చిత్రిక పట్టిన బల్లకు ఆమడ దూరాన, చివరి బెంచీలో కూర్చుంటున్నాడు.

నా భార్య మంచాన పడిన ఎనిమిది నెలలూ, పని దిగి వచ్చి ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది అతడే. చివరి రోజు నేను ప్రార్థనకు గొంతు సవరించుకుంటుంటే ఆమె అంది: "మీ ప్రార్థన పొడుగండీ, నాకు ఊపిరి చాలదు. మరిదిని పిలవండి." అతడు వచ్చి చెయ్యి పట్టుకుని, "ప్రభువా, వదిన అలిసిపోయింది" అన్నాడు. అంతే. ఆమె నెమ్మదిగా కళ్లు మూసింది. ఆ మూడు మాటలకు ఆరేళ్లుగా నేను అతడిని క్షమించలేదు. ఐదోసారి పరీక్షకు పిలవనూ లేదు.

5. తమ్ముడి పేర రాసిన ఒప్పుదల చీటీ ఈ కాగితాలతో జతపరిచాను. నన్ను సమాధి చేసిన మరుసటి ఆదివారం దానిని సంఘానికి చదివి వినిపించాలి.

6. పై ఐదవ నిబంధనను కొట్టివేస్తున్నాను. కొట్టివేత నాదేనని పక్కన పొడి సంతకం చేశాను. చచ్చాక ఇచ్చే ఒప్పుదలలో నాకు పోయేదేమీ లేదు, అతడు బల్ల దగ్గరికి నడిచి వస్తుంటే నేను చూడనక్కరలేదు. అందుకే అలా రాశాను. మొదటి మెట్టు కూడా ఎక్కనివాడి తెలివి అది.

వచ్చే ఆదివారం ఆ చీటీని నేనే చివరి బెంచీ దాకా తీసుకువెళ్లి, అందరూ వింటుండగా అతడికి ఇస్తాను. ఆ మూడు మాటల మీద నాకున్న పగనూ అక్కడే ఒప్పుకుంటాను. ఆ తర్వాత నేను బల్ల దగ్గరికి రావచ్చో కూడదో అతడు చెప్పాలి. కూడదంటే, అతడు లేచిన చోటు నాకు సరిపోతుంది.

రమ్మంటాడని నాకు తెలుసు. నాకు కష్టమైంది అదే.

ఆదివారానికి మూడు రోజులుంది. ప్రభువా, అందాకా ఉంచు.

రెండువేల పందొమ్మిది, నవంబరు ఇరవై ఒకటి, గురువారం.

(సంతకం)
వడ్రంగి పెద్దకొడుకు

నా ఎదుట చదివి, నేను సంతకం చేయగా చూసి సంతకాలు చేసిన సాక్షులు:
నా గుండె చూస్తున్న వైద్యుడు
ఎదురింటి దర్జీ