కింది రెప్ప రంగు

ఆగస్టు 4, సోమవారం

ఈ నోటుబుక్ ఈరోజే మొదలుపెట్టక తప్పదు. హోసూరు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం మెడికల్ టెస్టు దగ్గర ఆగిపోయింది. హిమోగ్లోబిన్ 8.4. లైన్‌లో ఎనిమిది గంటలు నిలబడాలంటే పది ఉండాలట. సెప్టెంబరు 15న మళ్ళీ టెస్టు. అప్పటికి పది రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇస్తామని హెచ్.ఆర్. ముఖేశ్ సార్ మర్యాదగానే చెప్పాడు. నలభై రెండు రోజులు.

ఉద్దనపల్లి ఆసుపత్రిలో నర్సు శశికళక్క ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఏం తిన్నావు, మాత్ర ఎప్పుడు మింగినావు, అన్నీ రాసిపెట్టు మోనిషా, నోటిమాట నేను నమ్మను అంది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. రాయమంటే సంతోషమే.

రక్తం ఎంతుందో తెలియాలని అక్క నా కింది రెప్ప లాగి చూసింది. ఆ సంగతి చెబితే తిమ్మరాయప్ప తాత ఒకటే నవ్వు. దినమూ నేను మేకలకు చేసే పనే గదా అమ్మణ్ణీ, దానికి తెల్లకోటు కావల్నా అన్నాడు. మరి నా కన్ను ఎప్పుడైనా చూశావా తాతా అంటే, నువ్వేమన్నా మేకవా అని లేచి పోయాడు.

ఆగస్టు 7

పొద్దున రాగి ముద్ద, మునగాకు పప్పు. మధ్యాహ్నం అన్నం, పులుసు. రాత్రి ముద్ద. తిన్న వెంటనే మాత్ర. మాత్ర వేడి చేస్తుందని అమ్మ ప్రతిసారీ చెంబు నిండా మజ్జిగ ఇస్తోంది.

దొడ్డికి నల్లగా అయింది. భయపడి శశికళక్కకు ఫోన్ చేస్తే, అది మాత్ర రంగే, ఇంకేం కాదు అంది. ఈ వయసులో ఇది రాసుకుంటానని అనుకోలేదు.

అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ పిడికెడు నోట్లో వేసుకుంది. ఎప్పుడూ అంతే. పచ్చి బియ్యం నమిలితే ఇంటికి మంచిది కాదని అవ్వ ఉన్నప్పుడు తిట్టేది. నేను ఒకటో క్లాసులో బలపం తినేదాన్ని. రాసిన దానికంటే తిన్నదే ఎక్కువ.

ఆగస్టు 10, ఆదివారం

తాత ఒక మేకపోతును అమ్మాడు. మా దగ్గర కొన్న మేకను కోస్తే కసాయి సిద్దప్ప దాని కార్జం మా ఇంటికే పంపుతాడు. అది మేపిన మనిషికి. నాకు తెలిసినప్పటి నుంచి ఆ కార్జం తాత కంచంలో తప్ప ఇంకెక్కడా పడలేదు. ఈరోజు తాత తన కంచం నా ముందుకు తోశాడు. నాకు పండ్లు లేవు, నువ్వు తిను అన్నాడు. నిన్న సాయంత్రం వేయించిన శెనగలు నమిలిన మనిషి.

అంతా తిన్నాను, పెరుగన్నంతో. అమ్మ చట్టి గీకి ఆ మసాలాలో ముద్ద అద్దుకుంది.

ఆగస్టు 16

మునగాకు. మళ్ళీ మునగాకు.

ఆగస్టు 25, సోమవారం

8.5.

మూడు వారాలకు ఒకే ఒక్క చుక్క. ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. శశికళక్క నోటుబుక్ తీసుకుని మొదటి పేజీ నుంచి చదివింది. ఏడో తేదీ దగ్గర వేలు ఆగింది. మజ్జిగతోనా అంది. రోజూనా అంది. నోటుబుక్‌తో నా నెత్తి మీద ఒకటి వేసింది.

పాలు, పెరుగు, మజ్జిగ, టీ ఏవైనా సరే, మాత్ర పక్కన ఉంటే ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వవట. మాత్ర పరగడుపున నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి. పాలు, టీ రెండు గంటల తర్వాతే. కార్జం కూడా పెరుగన్నంతో తిన్నానని నేనే చెప్పాను. ఎలాగూ రాసి ఉంది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె ముఖం చూడలేకపోయాను. పాలు అమ్మి నిన్ను చదివిస్తిమి, ఆ పాలే నీకు చెరుపు చేసెనా అంది. మజ్జిగ తాగి మనిషి చెడిపోయినాడని ఈ భూమ్మీద ఎవురన్నా చెప్పినారా మే అంది.

ఆగస్టు 26, ఉదయం 6

లేచేసరికి దిండు పక్కన నిమ్మకాయ నీళ్ళు. చక్కెర వేసి మరీ.

సెప్టెంబరు 5

మేకలతో గుట్ట ఎక్కాను. ఆగకుండా! పోయిన నెల మూడుసార్లు కూర్చున్న గుట్ట ఇది. ఈసారి గుండె దడ లేదు. పైనుంచి చూస్తే అమ్మ సద్ది మూట పట్టుకుని సగం దారిలో రాయి మీద కూర్చుని ఉంది. ఆమె వచ్చేదాకా ఎదురు చూశాను. చాలాసేపు.

వయసు కదా అనుకున్నాను. అమ్మకు నలభై ఒకటి.

సెప్టెంబరు 9, ఉదయం

ఫోన్‌లో ఐరన్ గురించి చదువుతూ ఉన్నాను. రక్తం తగ్గినవాళ్ళకు మట్టి, సుద్ద, పచ్చి బియ్యం లాంటివి తినాలనిపించవచ్చట. బలపం గుర్తొచ్చి నవ్వాను. అమ్మ చాట గుర్తొచ్చాక నవ్వలేదు.

మేకల దొడ్డిలో తాత దగ్గరికి పోయాను. అమ్మ కన్ను చూడు తాతా అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కోడలి ముఖం నేను నేరుగా చూసిందే లేదు గదా అమ్మణ్ణీ అన్నాడు. నిజమే. ఇరవై మూడేళ్ళుగా ఆయన వస్తే అమ్మ లోపలికి పోతుంది. నలభై మేకల కళ్ళు తెలిసిన మనిషికి కోడలి కన్ను తెలియదు.

కాసేపటికి తానే ఒక మేకను పట్టుకుని దాని కింది రెప్ప దించాడు. ఇది చూడు, దానిమ్మ గింజ, దీనికి జబ్బు లేదు అన్నాడు. ఇంకో దానిది ఎర్ర జామపండు లోపలి రంగు. దీన్ని గమనించుకోవల్ల అన్నాడు. దానికంటే తెలుపైతే, అన్నాను. తెలుపైతే ఆ దినమే మందు పట్టాల, రేపు అంటే ఉండదు అన్నాడు.

నేను వంటింట్లోకి పోయాను. తాత వాకిట్లో అటు తిరిగి నిలబడ్డాడు. కన్ను చూస్తా అమ్మా అంటే, నీకేమన్నా పిచ్చా మే, పొయ్యి మీద ముద్ద ఉండాది అంది. అయినా నిలబడింది. రెప్ప దించాను.

ఏం రంగు అని తాత వాకిట్లోంచి అరిచాడు. దానిమ్మా? కాదు. జామా? కాదు తాతా.

మరి ఏం రంగే?

మజ్జిగ, అన్నాను.

తాత చేతిలోని కర్ర కింద పడిన శబ్దం వినిపించింది.

సెప్టెంబరు 10

అమ్మకు 6.2. నెలనెలా పది దినాలు రక్తం పోతుందని అప్పుడు చెప్పింది. శశికళక్క అడిగితే చెప్పింది. నేను ఎప్పుడూ అడగలేదు. ముప్పై ఏడు రోజులుగా ఈ పుస్తకంలో నా కంచం ఒక్కటే రాశాను.

సెప్టెంబరు 15, సోమవారం

హోసూరు టెస్టు. 10.1.

ముఖేశ్ సార్ కంగ్రాట్స్ అన్నాడు. సోమవారం 22న జాయినింగ్. బస్సులో నవ్వు ఆపుకోలేకపోయాను. ఊరు దగ్గర పడ్డాక ఆగింది.

అమ్మకు మాత్రలు చాలవు, ఐరన్ సీసా ఎక్కించాలని కృష్ణగిరి డాక్టరమ్మ చెప్పింది. రోజు విడిచి రోజు, అయిదు సార్లు. స్కాన్ కూడా. 18న మొదలు. నాన్న టెంపో తోలుతూ బెంగళూరులో ఉంటాడు. నేను పోతాను కోడలితో అని తాత అన్నాడు. అమ్మ తలుపు వెనకనుంచి, ఆయన పక్కన బస్సులో కూర్చునేది నా వల్ల కాదు, నాకేం జబ్బు లేదు, నువ్వు ఉద్యోగానికి పో అంది.

సెప్టెంబరు 16

ముందు తెలుగులో రాసుకుంటాను. ఇంగ్లీషులోకి తర్వాత.

ముఖేశ్ సార్‌కు నమస్కారం. నా పేరు మోనిషా. నిన్న నాకు 10.1 వచ్చింది. మా అమ్మ రంగమ్మకు 6.2. ఆమెకు 18 నుంచి 26 దాకా కృష్ణగిరి ఆసుపత్రిలో ఐరన్ ఎక్కిస్తారు. చీటీలు చదవగలిగేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. 22కు బదులు 29న చేరడానికి అనుమతి ఇవ్వండి. నా నంబరు తగ్గనివ్వను, అది రాసిపెట్టుకుంటున్నాను. మీరు కాదన్నా నేను 18న అమ్మతోనే ఉంటాను. దయచేసి 19వ తేదీ శుక్రవారం లోపల జవాబు ఇవ్వండి.