లింబయ్య తడిబట్ట

20 అక్టోబర్ 1999, బుధవారం

దసరా సెలవు తర్వాత చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసు తెరిచాం. సర్వర్ లేచింది గానీ నెట్‌వర్క్ కార్డే లేదంటోంది. లేకపోవడమేంటి? డబ్బా వెనక దాని తోక నాకు కనపడుతూనే ఉంది. ఈ ముసలి యునిక్స్‌కి చత్వారం వచ్చినట్టుంది.

ఆ కార్డు పలక్కపోతే కాంటా దగ్గరి టెర్మినల్‌కీ ఈ గదికీ మాటల్లేవు. చెరుకు బండి తూచినా రైతుకి చీటీ రాదు. క్రషింగ్ నవంబర్ పదిన మొదలు.

జీఎం ఆత్మారాం సార్ వచ్చి ఈ గదిలో చివరగా ఎవరు పనిచేశారని అడిగారు. ఊడ్చే లింబయ్య. ఆయుధ పూజ కోసమని అన్నింటితోపాటు సర్వర్‌నీ తడిబట్టతో తుడిచాడు. అంతే, సార్‌కి దొంగ దొరికాడు. మిషన్ బాగయి, తప్పు వీడిది కాదని తేలేదాకా ఈ సీజన్ పనివాళ్ళ లిస్టులో లింబయ్య పేరు ఉండదన్నారు. పైపైనే తుడిచానని లింబయ్య నెమ్మదిగా చెప్పాడు. ఎవరు విన్నారు!

23 అక్టోబర్, శనివారం

కేబుల్ మార్చాను. టీ కనెక్టర్ మార్చాను. కార్డు తీసేసినట్టు మిషన్‌కి చెప్పి, మళ్ళీ పెట్టినట్టు చెప్పి, కెర్నల్ రీలింక్ చేశాను. రీబూట్. లేదు. అడ్రస్ మార్చాను. రీబూట్. లేదు. ఒక్కో రీబూట్‌కి ఒక టీ. కడుపులో మంట.

హైదరాబాద్ ఇంజనీర్‌కి ఫోన్ చేస్తే, డబ్బాకున్న సీలు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. తను దీపావళి తర్వాత వస్తాడట. వచ్చి హారతి పడతాడేమో.

24 అక్టోబర్, ఆదివారం

రాత్రి నిద్రలో డ్రైవర్, డ్రైవర్ అని కలవరించానట. ఆ డ్రైవర్ ఎవరని పొద్దున్నే మా ఆయన అడిగాడు.

29 అక్టోబర్, శుక్రవారం

బోధన్ బస్సు దిగేసరికి ఫ్యాక్టరీ గేటు దగ్గర లింబయ్య. రోజూ వస్తున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. మిషన్ లేచిందా అని అడిగాడు, ఇంట్లో మనిషికి జ్వరమొస్తే అడిగినట్టు. ఇంకా లేదన్నాను. సీజన్ ఐదు నెలల జీతంతోనే వాళ్ళకి ఏడాది గడవాలి. భార్య నాగవ్వ బీడీలు చేస్తుంది గానీ కంపెనీవాళ్ళు ఆకు సరిగ్గా ఇవ్వడం లేదట. ఇదంతా నేను అడిగితేనే చెప్పాడు. తనంతట తను ఏదీ అడగడు. అదే నా ప్రాణం తీస్తోంది.

2 నవంబర్, మంగళవారం

సీలు చింపేశాను. ఉద్యోగం పోతే పోనీ, మా పేట కంఠేశ్వర్‌లో టైపు నేర్పుకుంటాను.

మూత తీసి చూస్తే, కార్డు పక్కన జమ్మి రెమ్మ! ఎండిపోయి, కార్డు కింద ఇరుక్కుని ఉంది. కార్డు ఒక కొస బియ్యపు గింజంత పైకి లేచింది. రెమ్మ లాగేసి, కార్డు నొక్కి, ఆన్ చేశాను. మొదటిసారికే గుర్తుపట్టింది.

ఇన్నాళ్ళూ తిన్న అన్నం అరిగిందీ దీనికేనా! నవ్వొచ్చింది, తర్వాత చాలా కోపమొచ్చింది. సీలు వేసిన డబ్బాలోకి వెనక సందు నుంచి రెమ్మ తోసినవాళ్ళెవరో నాకు తెలుసు. పండగ రోజు గది తాళం ఒక్కరి దగ్గరే ఉంది.

3 నవంబర్, బుధవారం

సార్‌నీ లింబయ్యనీ ఒకేసారి పిలిచి రెమ్మ చూపించాను. సార్ మొహం పాలిపోయింది. దాచలేదు పాపం. పండగ సాయంత్రం క్యాష్ పెట్టెలో జమ్మి పెట్టారట. రైతుల లెక్కలన్నీ ఉన్నది ఇందులోనే కదా, ఇదీ పెట్టెలాంటిదేనని ఇక్కడా పెట్టారట. హమ్మయ్య, లింబయ్య గట్టెక్కాడనుకున్నాను.

లింబయ్య రెమ్మని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. దసరానాడు జమ్మి అంటే బంగారమనీ, బంగారం దేన్నీ చెడగొట్టదనీ, తన తడిబట్టే చెడగొట్టి ఉంటుందనీ అన్నాడు. కార్డు ఎలా లేచిందో వేలు పెట్టి చూపించాను. లిస్టులోంచి నీ పేరు పోతుందని చెప్పాను. చివరికి అరిచాను.

"పని కోసమని దేవుని మీద ఏస్తనా అక్కా?"

నేను సార్ వైపు తిరిగాను. ఒక్క మాట చాలు, తప్పు నాదే అని. అడగాల్సిన అవసరమే లేని మాట.

"వాడే ఒప్పుకున్నడు గద మేడం" అన్నారు.

10 నవంబర్

క్రషింగ్ మొదలైంది. సర్వర్ దివ్యంగా ఉంది. గది ఊడ్చడానికి వేరే మనిషిని పంపుతామన్నారు. వద్దన్నాను. నేనే ఊడ్చుకుంటున్నాను.