నాలుగో నవల, నట్టుబోల్టు, నా నోటిదురద

నవంబరు 3, సోమవారం

నాలుగో నవల ఇవాళ షాపుల్లోకి వచ్చింది. నా తీర్మానం కూడా ఇవాళే మొదలు.

ఐదో నవల చిత్తుప్రతి పూర్తయ్యేదాకా పాఠకుల అభిప్రాయాలు చదవను. ఒక్కటంటే ఒక్కటి కూడా. తిట్లు చదవను. పొగడ్తలు అసలే చదవను. (ఈ రెండోది రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.)

మూడో నవలప్పుడు నేను పడ్డ బాధ, ఇంట్లోవాళ్లను పెట్టిన బాధ గుర్తుంది. "కెప్టెన్ మాటలు చప్పగా ఉన్నాయి" అని ఎవరో రాస్తే వారం రోజులు అన్నం సయించలేదు. మా ఆయన బస్సు డిపోలో టైర్లతో కుస్తీ పట్టి ఇంటికొస్తే, గుమ్మంలోనే అడిగేదాన్ని.

"నా మాటలు చప్పగా ఉంటాయా?"

"ఉండవు."

"అంత తొందరగా ఎలా చెప్పారు? ఆలోచించకుండా!"

అదీ పరిస్థితి.

నేను రాసేది ఒక సరుకుల ఓడ కథ. ఓడ ఉండేది సముద్రంలో కాదు, అంతరిక్షంలో. అయిదుగురు మనుషులు గ్రహం నుంచి గ్రహానికి మూటలు చేరవేస్తారు, దారి పొడవునా దెబ్బలాడుకుంటారు. యుద్ధాలు తక్కువ, అలకలు ఎక్కువ. మా ఎడిటరు గారు దీన్ని "రాకెట్టులో ఉమ్మడి కాపురం" అంటారు. మెచ్చుకోలో వెక్కిరింతో ఇంతవరకూ తేలలేదు.

ఒక్కటే నయం. నాది కలంపేరు, అట్ట మీద ఫొటో లేదు. పగలంతా కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంటాను. అక్కడికొచ్చే వాళ్లెవరికీ నేనెవరో తెలియదు.

ఫోన్ మా అమ్మాయికిచ్చి ఆ పాఠకుల పేజీ తెరుచుకోకుండా చేయమన్నాను.

"నిజంగానే చేసేయనా అమ్మా? మళ్లీ నా కాళ్లావేళ్లా పడకూడదు."

"పడను. చేసెయ్!"

చేసేసింది. మనసు దూదిపింజలా తేలికైపోయింది. ఇన్నాళ్లూ ఈ పని ఎందుకు చేయలేదో!

నవంబరు 4, మంగళవారం

అద్భుతం! పొద్దున్నే లేచి ఐదో నవల ఒక పేజీ రాశాను. టీ వేడిగా ఉండగానే తాగాను. మా ఆయనతో టైర్ల గురించి మాట్లాడాను. అరిగిపోయిన టైరుకు కొత్త పట్టు వేయడం ఎంత ఆసక్తికరమైన విషయమో ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. ఆయన అనుమానంగా చూశారు.

అభిప్రాయాలు గుర్తుకు రాలేదు. మధ్యాహ్నం ఒక్కసారి వచ్చాయి. సాయంత్రం కూడా. అయినా రావడం వేరు, చదవడం వేరు.

నవంబరు 6, గురువారం

ఇవాళ జరిగింది తీర్మానం కిందికి రాదు. ఎందుకు రాదో కింద రాస్తున్నాను.

ఒక టైలరమ్మ చూపు పరీక్షకు వచ్చింది. దగ్గరి చూపు చూద్దామని అక్షరాల అట్ట ఇవ్వబోయాను. "అది వద్దమ్మా, ఇది చదవగలిగితే చాలు" అని సంచిలోంచి ఒక పుస్తకం తీసింది.

నా పుస్తకం!

ఆమె ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి అద్దం మార్చాను. "ఇప్పుడెలా ఉందండీ?"

"బాగానే ఉంది గానీ, ఆ మెకానిక్ పిల్ల అలా చేస్తుందనుకోలేదు."

"నేనడిగింది అద్దం గురించి." ఇంకో అద్దం మార్చాను. "ఎలా చేసింది?"

ఆమె చెప్పింది. నేను అద్దాలు మారుస్తూనే ఉన్నాను. పాపం ఆమెకు అద్దం ఎప్పుడో సరిపోయింది. షాపు ఓనరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

"నెట్‌లో నట్టుబోల్టు అని ఒకాయన ఈ పుస్తకాన్ని ఉతికి ఆరేశాడట, మా కోడలు చెప్పింది" అంటూ లేచింది.

నేను చదవలేదు, విన్నాను. తీర్మానంలో 'చదవను' అని మాత్రమే ఉంది. కావాలంటే పైన చూసుకోవచ్చు.

నవంబరు 7, శుక్రవారం

షాపు కంప్యూటరు నా ఫోన్ కాదు. దానికి మా అమ్మాయి ఏమీ చేయలేదు. అయినా పుస్తకం ఎలా పోతోందో ఒక్కసారి చూసుకోవడం వృత్తిధర్మం.

చూశాను.

"ఐదు నక్షత్రాలు. ప్యాకింగ్ బాగుంది."

"రాకెట్లు ఎక్కడ? నూరు పేజీలుగా వంటగదిలోనే ఉన్నారు."

"వంటవాడికి త్వరగా పెళ్లి చేయండి."

వీళ్లను పట్టించుకోలేదు. (ప్యాకింగ్ ఆవిడది మూడుసార్లు చదివాను. ఐదు నక్షత్రాలు ఐదు నక్షత్రాలే.)

తర్వాత నట్టుబోల్టు.

"మూడు పుస్తకాలుగా ఈ మెకానిక్ తన చెల్లెల్ని కంటికి రెప్పలా చూసుకుంది. చెల్లెలు ఆ ఓడకు పైలటు. ఆమెకు జ్వరమొస్తే ఇంజను ఆపేసి పక్కన కూర్చున్న మనిషి మెకానిక్. అలాంటిది ఈ నాలుగోదాంట్లో ఒక పొద్దున చెప్పాపెట్టకుండా ఓడ దిగి వెళ్లిపోయిందట! ఎందుకో చెల్లెలికీ తెలియదు, మనకూ తెలియదు. రచయిత్రికి అక్కాచెల్లెళ్లంటే ఏమిటో తెలియదు. ఆ మెకానిక్‌ని నేను ప్రేమించినంత కూడా ఆవిడ ప్రేమించలేదు. ఒక నక్షత్రం."

ఒక నక్షత్రం! చీకట్లో దారి కూడా కనబడదు దాంతో.

ఆ చివరికి ముందు వాక్యం ముల్లులా దిగింది. మెకానిక్ నా బుర్రలో పుట్టి పదేళ్లయింది. ఆవిడ టీలో చక్కెర ఎంతో నాకు తెలుసు. నేను ప్రేమించలేదట!

ఎవడో ముక్కోపి ముసలాయన అయ్యుంటాడు. రిటైరై, పనీపాటా లేక. రేపటి నుంచి మళ్లీ తీర్మానం.

నవంబరు 9, ఆదివారం

తీర్మానంలో 'రాయను' అని లేదు.

'సామాన్య పాఠకురాలు' అనే పేరుతో ఖాతా తెరిచాను. చాలా మర్యాదగా రాశాను. "అయ్యా, మెకానిక్‌కు బలమైన కారణం ఉండి ఉంటుందని నాలాంటి సామాన్యురాలికే తోస్తోంది. మీకు తోచకపోవడం విచారకరం." పక్కన ఒక దండం బొమ్మ కూడా పెట్టాను.

టీ మరిగేలోపు జవాబు వచ్చింది. "పుస్తకం మరొకసారి నిదానంగా చదవండి. మీకు మెకానిక్ అర్థం కాలేదు."

ఎవరికి? నాకు!

ఒళ్లు మండిపోయింది. ఏకబిగిన ఏడు జవాబులు రాశాను. మర్యాద మూడోదానికే పోయింది, దండం బొమ్మ రెండోదానికే పోయింది. మధ్యలో ఇంకెవరో దూరి, "ఈవిడ రచయిత్రి చుట్టమనుకుంటా, వదిలేయండి" అన్నారు.

మా అమ్మాయి నా భుజం మీంచి చదివింది. "అమ్మా, సామాన్య పాఠకురాలు 'పాత్ర అంతస్సంఘర్షణ' అనదు."

"అంటే ఏం?"

"దొరికిపోతావ్."

నవంబరు 11, మంగళవారం

ఐదో నవల: ఒక్క పేజీ కూడా ముందుకు కదల్లేదు. మెకానిక్‌ని తిరిగి రప్పించాలా వద్దా తేలడం లేదు. రప్పిస్తే నట్టుబోల్టుకు భయపడ్డట్టు. రప్పించకపోతే పంతానికి పోయినట్టు. నాకేం కావాలో నాకే గుర్తులేదు. కుర్చీలో కూర్చుంటే వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టుంటోంది.

షాపులో ఒకాయన ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించి ఇచ్చాను. ఆయన మెట్టు లేని చోట మెట్టు ఎక్కాడు. ఓనరు నన్ను లోపలికి పిలిచి, "అమ్మా, ఇంట్లో అంతా క్షేమమేనా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఎడిటరు గారు ఫోన్ చేశారు. "ఐదోది ఎంతవరకు వచ్చింది?"

"సాగుతోందండీ."

అబద్ధం కాదు. సాగుతూనే ఉంది, జీడిపాకంలా.

అటు నట్టుబోల్టు కొత్త సవాలు విసిరాడు. ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఈ పుస్తకం మీద చర్చ ఉందట. "సామాన్య పాఠకురాలు గారూ, ధైర్యముంటే రండి, ఎదురెదురుగా తేల్చుకుందాం."

వెళ్లను. నాకేం పని? వెళితే నవ్వులపాలు.

నవంబరు 16, ఆదివారం

వెళ్లాను.

లైబ్రరీ మేడ మీద గది. గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు, పదిమంది మనుషులు. అందరి ఒళ్లోనూ నా పుస్తకం. ఒకరి దాంట్లో పేజీకొక రంగు కాగితం అంటించి ఉంది. అది చూసి కళ్లు చెమర్చాయి, తుమ్మినట్టు నటించాను.

లైబ్రేరియను గారు పరిచయాలు మొదలుపెట్టారు. ముక్కోపి ముసలాయన కోసం వెతుకుతున్నాను. నా పక్కనే కూర్చున్న చిన్న మనిషి లేచింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఇంకా నర్సు యూనిఫాం. పాతికేళ్లుంటాయేమో.

"నెట్‌లో నన్ను నట్టుబోల్టు అంటారండీ" అంది.

నా వంతు వచ్చినప్పుడు నసిగాను. "నేను... సామాన్య పాఠకురాలిని."

"ఓ, మీరేనా!" అంది ఆమె. కోపం లేదు. కుర్చీ నా వైపు తిప్పుకుంది. "సరే, చెప్పండి. చెల్లెలితో ఒక్క మాట చెప్పకుండా ఎలా వెళ్తుందండీ ఆవిడ? అంత ప్రేమ ఉన్న మనిషి?"

నెమ్మదిగా మాట్లాడాలని అనుకుని వచ్చాను. ఆ అనుకోవడం అక్కడితో సరి.

"చెప్పకుండా వెళ్లలేదండీ! చెల్లెలి గది బయట ఎంతసేపు నిలబడిందో మీకు తెలీదా? తలుపు కొట్టబోయింది. కొడితే ఆ పిల్ల లేస్తుంది. లేచి మొహం చూస్తే ఇక తను కదల్లేదు. ఆ తలుపు ఎప్పుడూ కీచుమంటుంది, బాగుచేయమని చెల్లెలు పోరుతూనే ఉంటుంది. ఈవిడ సంచిలోంచి నూనె డబ్బా తీసి, చీకట్లో తడుముకుంటూ తలుపు మడతబందులకు రాసింది. ఒకసారి తెరిచి చూసింది. చప్పుడు కాలేదు. నిద్రపోతున్న చెల్లెల్ని చూసింది. మళ్లీ మూసింది. అప్పుడు వెళ్లింది. అంతకంటే ఇంకేం చెప్పాలండీ మనిషి?"

అందరూ నా వైపే చూస్తున్నారు. గెలిచాననుకున్నాను.

నర్సు మెల్లగా అడిగింది. "ఇది ఏ పేజీలో ఉందండీ?"

అందరూ పేజీలు తిప్పుతున్నారు. రంగు కాగితాలాయన మొదటి నుంచి చివరిదాకా తిప్పేశాడు. "ఇందులో నూనె డబ్బానే లేదండీ" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ అధ్యాయం పుస్తకంలో లేదు. "తలుపు దగ్గర అన్ని పేజీలెందుకండీ, కథ ఆగిపోతోంది" అని ఎడిటరు గారంటే తీసేశాం. ఎన్నోసార్లు రాసుకున్నదాన్ని కాబట్టి నా బుర్రలో మాత్రం అచ్చయి ఉండిపోయింది.

లైబ్రేరియను గారు కళ్లజోడు సవరించుకున్నారు. "అమ్మా... మీరు గానీ...?"

అడ్డంగా దొరికిపోయాను. తల ఊపాను.

ఎవరో కిసుక్కుమన్నారు. వెనక నుంచి ఒకాయన, "అంతరిక్షంలో తిరిగే ఓడకు కీచుమనే తలుపేంటండీ?" అన్నాడు. "పాత ఓడండీ" అన్నాను నీరసంగా.

నర్సు మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"మా అక్క అలాగే వెళ్లిపోయింది. నేను లేచేసరికి పక్క మంచం ఖాళీ. బాగానే ఉందిలెండి, వేరే ఊళ్లో ఉద్యోగం, అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఎందుకు చెప్పలేదని నేను ఇంతవరకూ అడగలేదు, తను చెప్పలేదు." పుస్తకం అట్ట నిమిరింది. "మీ మెకానిక్ నిజంగా నిలబడిందా?"

"నిలబడిందండీ. రాశాను. తీసేశాను."

"ఎందుకు?"

"కథ ఆగిపోతుందని."

"ఆగితే ఏమైందండీ? మేమెక్కడికి పోతాం?"

ఏడు జవాబులు రాసిన చేత్తోనే ఆమె నంబరు రాసుకున్నాను. ఇంటికొచ్చి ఆ అధ్యాయం ఆమెకు పంపించాను.

నవంబరు 17, సోమవారం

పూర్తిగా పతనం. షాపుకు సెలవు పెట్టి పొద్దస్తమానం అభిప్రాయాలు చదివాను. మా అమ్మాయి కాళ్లావేళ్లా పడి ఫోన్‌లో పేజీ తెరిపించుకున్నాను.

నట్టుబోల్టు కొత్తగా రాసింది. "రచయిత్రిని కలిశాను. మనిషి చిన్న, గొంతు పెద్ద. పుస్తకంలో లేనిదానికి నక్షత్రం ఇవ్వలేను కాబట్టి ఒకటే ఉంచుతున్నాను. కానీ ఆవిడ ప్రేమించలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

మా ఆయనకు చదివి వినిపించాను. "ఒక నక్షత్రం వచ్చినందుకా ఏడుస్తున్నావ్?" అన్నారు. అవునన్నాను. విడమరిచి చెప్పే ఓపిక లేదు.

ఎడిటరు గారికి ఫోన్ చేసి, తలుపు అధ్యాయం మళ్లీ అచ్చులో పెట్టాల్సిందే అన్నాను.

"రెండో ముద్రణకు పెడదాం. అయినా మీరు పాఠకుల అభిప్రాయాలు చదవనన్నారుగా?"

"చదవనండీ. ఎవరో చెప్పారు."

నవంబరు 19, బుధవారం

తీర్మానం మళ్లీ మొదలు. ఈసారి కన్నాలన్నీ పూడ్చి రాస్తున్నాను. అభిప్రాయాలు చదవను, వినను, అడగను, షాపు కంప్యూటరులో చూడను. మారుపేర్లతో ఎవరితోనూ తగువు పెట్టుకోను.

సంతకం చేసి, ఫోన్ మా అమ్మాయి చేతికివ్వబోతుంటే మోగింది. నర్సు పంపిన సందేశం. చదివాను. ఇది అభిప్రాయం కాదు, కబురు.

"మీ తలుపు అధ్యాయం చదివాక అక్కకు ఫోన్ చేశానండీ. వెళ్లేముందు నా మంచం దగ్గర నిలబడ్డావా అని అడిగాను. 'లేదే పిచ్చిదానా, బస్సు వెళ్లిపోతోందని చెప్పులు కూడా చేత్తో పట్టుకుని పరిగెత్తాను' అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత తను ఏడ్చింది. నెలాఖరుకు వస్తానంది."

నేను పదేళ్లు తపస్సు చేసినా ఆ చెప్పులు నాకు తట్టేవి కావు.

ఐదో నవల ఇవాళ మూడు పేజీలు కదిలింది. చెల్లెలు వెతుక్కుంటూ వెళ్లి మెకానిక్‌ని పట్టుకుంటుంది, ఎందుకు వెళ్లావని మొహం మీదే అడిగేస్తుంది. అంతవరకు రాశాను. మెకానిక్ ఏమంటుందో నాకింకా తెలియదు. ఆవిడే చెప్పాలి.

మా అమ్మాయి చెయ్యి చాపి నిలబడే ఉంది. "ఇస్తావా, ఇవ్వవా?"

ఇస్తాను. ఇవాళ్టి నుంచి ఒక్క ముక్క చదవను, ఒట్టు. ఇంకొక్కసారి, ఆ ఇద్దరూ నవ్వుకున్న దగ్గర మాత్రం చదువుకుని ఇచ్చేస్తాను.