పాత కొలతకే విప్పేశాను

ఏమే, పొయ్యి మీద జావ కాచి పెట్టాను. లేవగానే తాగు. ఒక్కసారే గిన్నెడు తాగకు. ఇన్నాళ్ళు మాడిన కడుపు కదా, కొంచెం కొంచెంగా పట్టించమంది నర్సమ్మ. అవును, నీకు చెప్పకుండానే వెళ్ళి అడిగాను. వట్టి నీళ్ళతో ఉంటే ఒంట్లో ఉప్పు పడిపోయి గుండె తడబడుతుందట. సాయంత్రం నిన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్తున్నాను. రానంటే కుదరదు.

ఈ నీళ్ళ ఉపవాసంతో మోకాళ్ళు తేలికయ్యాయన్నావు. కాదనను. ఒంట్లో విషమంతా కొట్టుకుపోతుందన్నాడట నువ్వు ఫోన్లో చూసే వీడియోల ఆయన. నీ ఒంట్లో విషం ఉందని ఆయనకెవరు చెప్పారు? నిన్న స్నానాల గదిలో గోడ పట్టుకుని కూలబడ్డావు. చెప్పు జారిందన్నావు. నీ చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. నేను చూశాను.

నువ్వు చిక్కినప్పుడల్లా నీ జాకెట్లు బిగించి కుట్టిచ్చాను. ఇక కుట్టను. అన్నిటి కుట్లూ విప్పి పాత కొలతకే తెచ్చి బీరువాలో పెట్టాను. మీ చెల్లెల్ని వెంటేసుకొచ్చి పోట్లాడినా సరే, నా మిషను మీద అవి మళ్ళీ చిన్నవి కావు. వాటికి సరిపడా నువ్వే అవ్వాలి.

కొట్టు తీసే వేళయింది, పోతున్నాను.

జావలో ఉప్పు ఎక్కువైందంటే రాగానే తిట్టు. వీధంతా వినపడేలా నువ్వు తిట్టి చాన్నాళ్ళయింది.